తైమి ఓజాలా ఎటువైపు

"ఇంతకీ మీరు ఎటువైపు?" అని వ్యాసం చివర ఆకుపచ్చ సిరాతో రాసి ఉంది. తైమి ఓజాలా ఆ కాగితాలు నా బల్ల మీద పెట్టి, బూట్లకంటిన మంచు దులుపుకుని, కోటు బొత్తాలు విప్పకుండానే కూర్చుంది. అంటే ఎక్కువసేపు ఉండే ఉద్దేశం లేదన్నమాట.

వ్యాసం బడుల మూసివేత గురించి. వాళ్ళ ఊరి బడి అప్పటికే మూతపడింది. ఇప్పుడు పక్క ఊరి బడి కూడా మూసేసి, పిల్లలందరినీ బస్సుల్లో పట్నం బడికి తోలాలని బడుల బోర్డు ఆలోచన. మూసెయ్యాలనేవాళ్ళు ఏమంటారో తైమి పొందిగ్గా రాసింది. వద్దనేవాళ్ళు ఏమంటారో అంతే పొందిగ్గా రాసింది. బడిని వెచ్చబెట్టే బాయిలరు ఎంత పాతదో రాసింది, బస్సు ఎంత దూరం పోవాలో రాసింది. చివర్లో "రెండువైపులా ఆలోచించవలసింది ఉంది" అని ముగించింది. బడి వంటగదిలో జీవితంలో సగం గడిపి, బడితోపాటే ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి రాసిన వ్యాసం అది. చదివితే ఎవరో దారినపోయేవాళ్ళు రాశారనిపిస్తుంది.

"నువ్వు మూసెయ్యొద్దనే కదా?" అన్నాను.

"అది అందరికీ తెలుసుగా," అంది తైమి. "మళ్ళీ రాయడం దేనికి?"

మా కాలేజీలో నాది రాతసాయం గది. మొదటి ఏడాదిలో అందరూ తప్పనిసరిగా చదవాల్సిన రచన కోర్సు ఒకటుంది. దాన్లో చిక్కుకుపోయినవాళ్ళు నా దగ్గరికొస్తారు. నా ఉద్యోగానికి ఒకటే నియమం. పెన్సిలు ఎప్పుడూ వాళ్ళ చేతిలోనే ఉండాలి. నేను అడగొచ్చు, ఆలోచింపజెయ్యొచ్చు. విసుక్కోమని ఎక్కడా రాసిలేదు, అది నా సొంత సరుకు. కానీ వాళ్ళ కాగితం మీద ఒక్క అక్షరం కూడా నేను రాయకూడదు. అందుకని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. నాలాంటిదానికి అదెంత శిక్షో నాకే తెలుసు.

తైమి తప్పు చేసిందని నేననను. సుపీరియర్ సరస్సు ఒడ్డున మా మూలకి రాగి గనుల కోసం ఫిన్లాండు నుంచి వచ్చినవాళ్ళ మనవలూ మనవరాళ్ళూ వీళ్ళంతా. వీళ్ళ దగ్గర మెప్పుదలకి ఉన్నది ఒకే ఒక్క మాట, "పర్లేదు". వలలో మనిషంత చేప పడినా పర్లేదు. కొత్త ఇల్లు పర్లేదు. తైమి భర్త ఐనో, పుట్టిన కొడుకుని మొదటిసారి ఎత్తుకుని అన్నమాట కూడా అదేనట. మనసులో ఉన్నది పైకి అనేస్తే అవతలివాళ్ళ నోరు నొక్కినట్టని వీళ్ళ నమ్మకం. ఇక తన గురించి తాను ఒక మంచిముక్క చెప్పుకోవడమంటే నడివీధిలో బట్టలిప్పి నిలబడటమే. నేను వచ్చిన కొత్తలో వీళ్ళకి నామీద కోపమేమో అనుకునేదాన్ని. ఇప్పుడు నాకే ఎవరైనా "అద్భుతం" అంటే చిరాకేస్తుంది.

ఆ ఆకుపచ్చ సిరా క్లెయిర్ డెవ్లిన్‌ది. కొత్త టీచరు, డెట్రాయిట్ వైపు పిల్ల. మాకినా వంతెనకి అవతల, మ్యాపులో దానికి కిందివైపు పుట్టినవాళ్ళని మావాళ్ళు వంతెన కింది భూతాలంటారు. క్లెయిర్ వచ్చిన వారానికే ఆ పేరు తెలుసుకుని, తనే నవ్వేసింది. మంచి పిల్ల. పాపం, తైమి వ్యాసాలు చదివి చదివి దానికి తల ప్రాణం తోకకొచ్చింది. నా గదికొచ్చి, "ఆవిడకి అభిప్రాయాలు లేవా, లేక నామీద నమ్మకం లేదా?" అని అడిగింది. రెండూ కావనీ, మర్యాద ఎక్కువైందనీ చెప్పాను.

కానీ మర్యాదకి మార్కులు లేవు. కోర్సు ముగిసేసరికి విద్యార్థికి ఏమేం చేతనవ్వాలో చెప్పే లక్ష్యాల కాగితం ఒకటి అన్ని గదుల గోడలకీ అంటించి ఉంటుంది. చదివేది ఎవరో ఎరిగి రాయాలి, ఒక వాదన పట్టుకుని దానిమీద నిలబడాలి, చెప్పినదానికి ఆధారం ఎక్కడిదో చూపాలి, తిరగరాయాలి. ఇవన్నీ అయ్యాక తన రాతని తానే బేరీజు వేసి చెప్పగలగాలి. ఇంగ్లీషు శాఖకి పెద్దయిన మార్గో హెన్షా రాసింది దాన్ని. మొదట్లో అందులో "రచన అంటే ఏమిటో విద్యార్థి అర్థం చేసుకుంటాడు" అని కూడా ఉండేది. పైనుంచి ఎవరో వచ్చి, అర్థం చేసుకోవడం కొలతకి అందదు, తీసెయ్యమన్నారు. ఆ ఒక్క క్రియాపదం కోసం ఒక మధ్యాహ్నమంతా తగువు పడ్డారు. కాఫీలు పోసింది నేను కాబట్టి ప్రతి ముక్కా విన్నాను. చివరికి అర్థం చేసుకోవడం మా కాలేజీలో రద్దయింది.

తైమికి ఈ కోర్సు ఎందుకంటే, నర్సు అవడానికి. యాభై నాలుగేళ్ళ వయసులో.

ఆవిడ పుట్టింది బంగాళాదుంపల పొలంలో. ఇంట్లో అంతా ఫిన్నిష్ మాటలే. బడిలో చేరేదాకా ఇంగ్లీషు ముక్క రాదు. చేరాక మొదటి ఏడాది మొత్తం నోరు విప్పలేదట. మాట్లాడదు కాబట్టి బుద్ధిమంతురాలని టీచరమ్మ మెచ్చుకునేదట. పద్దెనిమిదేళ్ళు దాటగానే, రోడ్ల మీద మంచు తోసే బండి నడిపే ఐనోని పెళ్ళాడింది. కొడుకు పుట్టాడు, పెరిగాడు, ఊళ్ళోనే పడవల ఇంజన్లు బాగుచేసుకుంటున్నాడు. వాడు బడికెళ్ళిన ఏడే తైమి కూడా అదే బడి వంటగదిలో చేరింది. పిల్లాడు పైక్లాసులకి పోయాడు, తల్లి మాత్రం అక్కడే ఉండిపోయింది. మాంసం కూరిన పాస్టీలు, బఠాణీ సూపు, శుక్రవారం చేప. ఆవిడ చేసే ఏలకుల రొట్టెని ఇక్కడ "నిసు" అంటారు. పేరు విని ముక్కు మూసుకోనక్కర్లేదు. పొయ్యిలోంచి తీసినప్పుడు ఆ వాసనకి నేను ఇప్పటికీ కాసేపు అన్నీ మర్చిపోతాను.

బడి మూతపడ్డాక ముసలివాళ్ళ ఆశ్రమంలో వంటకి కుదిరింది. ఒకరోజు ఆవిడ ట్రే పట్టుకుని గదుల వైపు వెళ్ళింది. ఒక గదిలో తొంభై దాటిన ముసలమ్మ "వెట్టా, వెట్టా" అని ఏడుస్తోంది. వయసు మీద పడ్డాక నేర్చుకున్న ఇంగ్లీషంతా జారిపోయి చిన్నప్పటి భాష ఒక్కటే మిగిలిందామెకి. అక్కడి అమ్మాయిలు ఆమె ఇంగ్లీషులో "వెట్" అంటోందనీ, పక్క తడిసిందనీ అనుకుని పొద్దుటినుంచీ దుప్పట్లు మారుస్తున్నారు. ఎంత మార్చినా ఏడుపు ఆగదు. వెట్టా అంటే ఫిన్నిష్‌లో నీళ్ళు. తైమి గ్లాసు పట్టుకుని తాగించింది. ముసలమ్మ తాగుతూనే ఉందట. ఆ తర్వాత ఆశ్రమం పెద్దాయన తైమిని పిలిచి, మెత్తగానే, వంటవాళ్ళు గదుల్లోకి వెళ్ళకూడదని నియమం గుర్తుచేశాడు.

ఇది నాకు తైమి చెప్పలేదు. అడిగితే "నర్సు పని పర్లేదంటారు" అనేది. ఐనో చెప్పాడు, అదీ సావనా అనే ఆవిరిస్నానపు గదిలోంచి బయటికొచ్చి మెట్ల మీద ఆరుతూ, పైన్ చెట్లకేసి చూస్తూ. ఆ రాత్రి తైమి అన్నం తినలేదని కూడా చెప్పాడు. మా స్నేహం పాతికేళ్ళది. ప్రతి శనివారం వాళ్ళ సావనాలోనే నా స్నానం.

నర్సింగులో సీటు ఇస్తామన్నారు. రచన కోర్సు పాసవ్వాలన్నది షరతు. ఆవిడ శరదృతువులో ఒకసారి తప్పింది. రెండోసారి కూడా తప్పితే మా కాలేజీలో మూడో అవకాశం లేదు. ఇంకో కాలేజీ ఉంది, కానీ నూరు మైళ్ళ అవతల. మా మంచులో అది చంద్రలోకంతో సమానం. అంటే ఆ గదుల్లో మంచాల పక్కన నిలబడే హక్కు తైమికి రావాలన్నా పోవాలన్నా అంతా ఈ రెండోసారి మీదే ఉంది.

క్లాసులో అందరూ ఆవిడ చేతి తిండి తిని పెరిగినవాళ్ళే. క్లెయిర్ అందరినీ పేర్లతో పిలవమంటుంది. ఆవిడని మాత్రం ఒక్కరూ తైమి అనలేకపోయారు. "మిసెస్ ఓజాలా, మీ దగ్గర అదనంగా పెన్నుందా?" "మిసెస్ ఓజాలా, ఈ కామా ఇక్కడేనా?" క్లాసు మధ్యలో చెయ్యెత్తి, బయటికెళ్ళొచ్చా అని క్లెయిర్ని కాకుండా తైమినే అడిగిందట ఒక పిల్ల.

ఫిబ్రవరిలో ఒకరోజు నా గది తలుపు తీసి ఉంది. వరండాలో తైమి గొంతు వినిపించింది. మామూలు గొంతు కాదు, ఇంకోటి.

"కైలా, ఆ బట్టబూట్లేంటి? బయట మంచు మోకాళ్ళదాకా ఉంది. పోయినేడు చెవి నొప్పని నెల్లాళ్ళు మంచం మీదున్నావు, మర్చిపోయావా? మీ అమ్మ రాత్రి షిఫ్టు చేసి నిన్ను డాక్టరు దగ్గరికి తిప్పింది. రేపు బూట్లేసుకునిరా. లేవంటే చెప్పు, మా ఇంట్లో ఉన్నాయి."

"సరే, మిసెస్ ఓజాలా," అంది కైలా. వాదించడానికి ఏముందక్కడ?

నేను బయటికొచ్చి తైమిని చెయ్యిపట్టి లోపలికి లాక్కొచ్చాను. ఇదే వాదనంటే, అన్నాను. చెప్పదల్చుకున్నది మొదటే చెప్పావు. కారణం చెప్పావు, సాక్ష్యం చూపించావు, అవతలిదానికి బూట్లు లేకపోతేనో అని దానికీ జవాబు సిద్ధంగా ఉంచుకున్నావు. ఆ గోడమీది కాగితంలో ఉన్నదంతా చలిలో నిలబడి చేసేశావు.

"అది చిన్నపిల్లతో," అంది తైమి, ఎర్రబడిపోయి. "బోర్డువాళ్ళు పెద్దమనుషులు."

"ఎవరా పెద్దమనుషులు?"

తైమి ఒక్కొక్కరినీ గుర్తుచేసుకుంది. మూడో పేరు దగ్గర ఆగింది. బోర్డులో ఇద్దరు ఆవిడ దగ్గర పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడినవాళ్ళే. అందులో ఒకడు బఠాణీలు తినకుండా జేబులో పోసుకునేవాడట. అది చెప్తూ తైమి కోటు బొత్తాలు విప్పడం చూశాను. ఆరోజు సాయంత్రం గది తాళం వేసేదాకా రాస్తూనే ఉంది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకునే ఉన్నాను.

ఆ వ్యాసం వారాల తరబడి నడిచింది. కొట్టేసి మళ్ళీ రాసేది, అడుగునున్నది పైకి తెచ్చేది. ఇంట్లో ఐనోకి చదివి వినిపించేది. ఒకరోజు హాకీ ఆట వస్తుంటే ఐనో రేడియో కట్టేసి "మళ్ళీ చదువు" అన్నాడట. ఇది తైమే చెప్పింది నాకు, వాతావరణం గురించి చెప్పినట్టు. కానీ చెప్పింది. వ్యాసం మాత్రం నాకు చూపించడం మానేసింది. చివరిదాకా వచ్చాక చూద్దువుగానిలే అంది. నేను ఒప్పుకున్నాను, మనసులో తిట్టుకుంటూనే.

ఏప్రిల్లో అసలు చిక్కొచ్చింది. వ్యాసాలన్నీ ఒక దస్తాగా కట్టి, పైన విద్యార్థి తన సొంత మాటల్లో ఒక పేజీ రాయాలి. ఏ లక్ష్యాన్ని తను ఎంతవరకు అందుకుందో, ఎక్కడ బాగా రాసిందో తనే చెప్పాలి. ఆ పేజీ లేని దస్తా చదవకుండానే తప్పినట్టు. తైమి ఆ పేజీ తెచ్చి నాకిచ్చింది. ప్రతి లక్ష్యం ఎదుటా "పర్లేదు" అని రాసింది. ఆఖరిదాని ఎదుట, "మీరే చూడండి" అని ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇలా ఇస్తే తప్పుతావన్నాను. ఇంత కష్టపడి గుమ్మం దగ్గర బోర్లా పడతావా అన్నాను.

"నన్ను నేను పొగుడుకోమంటావా?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పమంటున్నాను."

"బాగుంటే వాళ్ళే చెప్తారు. బాలేకపోతే నేను చెప్పినంత మాత్రాన బాగవుతుందా?"

ఆ పేజీ లాక్కుని నేనే రాసేద్దామని నా చేతులు ఎంత పీకాయో చెప్పలేను. రాయలేదు. ఆవిడ ఆ కాగితం అలాగే దస్తా మీద పెట్టి గుచ్చేసి వెళ్ళిపోయింది. ఆ శనివారం నేను సావనాకి వెళ్ళలేదు. పాతికేళ్ళలో మేం ఒకరి మీద ఒకరు అలగడం అదే మొదలు. తైమి అలిగిందో లేదో తెలియదు లెండి, ఆవిడ మౌనంలో అలక ఏదో మామూలు ఏదో కనిపెట్టడం కష్టం.

దస్తాలు చదివే రోజు మే మొదట్లో వచ్చింది. రోడ్డు వార గుంటల్లో మంచు ఇంకా నల్లగా మిగిలే ఉంది. ఆరోజు టీచర్లందరూ పెద్దగదిలో చేరతారు. ముందు ఏదో పాత వ్యాసం ఒకటి అందరూ చదివి, ఒకటి నుంచి నాలుగు దాకా అంకె వేసి, ఎవరెంత వేశారో పైకి చెప్తారు. అందరి త్రాసులూ ఒకేలా తూగేదాకా వాదించుకుంటారు. ఆ తర్వాతే అసలు దస్తాలు తీస్తారు. ప్రతిదాన్నీ ఇద్దరు చదవాలి. ఆ విద్యార్థి సొంత టీచరు అక్కడే ఉన్నా నోరెత్తకూడదు. నా పని కాఫీ, డోనట్లు, అంకెలు రాసిపెట్టడం.

తైమి దస్తా మార్గోకీ, రే కెంపైనెన్‌కీ వచ్చింది. రే చరిత్ర చెప్తాడు, మనుషులు చాలనప్పుడు ఇక్కడికి లాక్కొస్తారు. తైమి పక్కఊరివాడే, అదే మట్టి. అతను పాసన్నాడు. మార్గో కాదంది. క్లెయిర్ బల్ల అంచు పట్టుకుని కూర్చుంది, నేను కెటిల్ పట్టుకుని నిలబడ్డాను.

మార్గోని తప్పుపట్టడానికి లేదు. వ్యాసం బాగుందనే అంది. కానీ పొద్దున్నే ఆ పేజీ సరిగా రాయలేదని ఇంకో పిల్లవాడికి తప్పినట్టు అంకె వేసింది. వాడికో నియమం, ఈవిడకో నియమమా? ఈ పేజీలో పర్లేదు తప్ప ఇంకేం లేదు, దీన్ని నేనెలా తూచను అని అడిగింది. గొంతులో కటువు లేదు. నిజంగా తెలియకే అడిగింది.

రే కాఫీ కప్పు పక్కకి జరిపాడు.

"నీ పడవ బాగుందా అని అడిగితే మావాడెవడూ చెప్పడు మార్గో," అన్నాడు. "ఎలా కట్టావని అడిగితే చీకటిపడేదాకా చెప్తాడు. నువ్వు ఈవిడని తప్పు ప్రశ్న అడిగావు."

రాయలేనివాళ్ళు నోటితో చెప్పొచ్చని నియమాల్లో ఒక మూల ఉంది. చేతికి కట్టు ఉన్నవాళ్ళ కోసం పెట్టింది. ఈవిడ నోటికి కట్టు ఉందనుకోండి అన్నాడు రే. మార్గో నవ్వలేదు గానీ, పిలిపించమంది. నేను ఆశ్రమానికి ఫోన్ చేశాను. తైమి జుట్టుకి వంటగది వలటోపీతోనే వచ్చింది. నాకేసి చూసింది. నేనూ చూశాను. మా మధ్య అలక అక్కడితో సరి.

మార్గో కుర్చీ చూపించింది. రే దస్తా తెరిచి, మొదటి పేజీ మీద వేలు పెట్టి, ఇది ముందు ఇక్కడే ఉండేదా అని అడిగాడు. తైమి లేదంది. అది నాలుగో పేజీలో ఉండేదనీ, బోర్డు అధ్యక్షుడు మొదటి పేజీ దాటి చదవడని తెలిశాక ముందుకి తెచ్చాననీ చెప్పింది. బస్సుల లెక్క ఎవరిచ్చారంది మార్గో. బస్సు నడిపే ఆయనని అడిగితే ఒకటి చెప్పాడనీ, బోర్డు కాగితాల్లో ఇంకోటి ఉందనీ, రెండూ పెట్టి ఎవరిది ఏదో రాశాననీ అంది తైమి. బాయిలరు సంగతి ఎందుకు ఉంచారు, అది మీ వాదనకే ఎదురు తిరుగుతుంది కదా అంది మార్గో. అది నిజం కాబట్టి, అంది తైమి. అలా ఒక్కొక్క పేజీ తిప్పారు. తైమి గొంతు మెల్లగా వరండాలో విన్న గొంతుగా మారింది. ఎక్కడా తనని తాను ఒక్క ముక్క పొగుడుకోలేదు. మార్గో పెన్సిలు కదులుతోంది.

ఆఖరి పేజీ దగ్గర మార్గో ఆగింది. ఒక చోటు పైకి చదివింది.

"'శుక్రవారం మధ్యాహ్నం రెండోసారి పెట్టమని అడిగే పిల్లలెవరో నాకు తెలుసు. సోమవారం పొద్దున నేను తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉండేదీ వాళ్ళే.'"

నేను ఆ వాక్యం అప్పుడే మొదటిసారి వినడం. శనాదివారాలు ఆ పిల్లలు ఏం తిన్నారో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.

"దీనికి ఆధారం ఏదీ రాయలేదు," అంది మార్గో, మెత్తగా. "ఎక్కడినుంచి తీసుకున్నారు?"

"ఎక్కణ్ణుంచీ తీసుకోలేదు. పెట్టింది నేను. తలుపు తీసిందీ నేనే."

"ఎవరో ఏమిటో రాసుంటే బోర్డువాళ్ళు కాదనలేకపోయేవాళ్ళు కదా?"

"రాశాను ముందు. పేర్లతో సహా. తర్వాత కొట్టేశాను."

"ఎందుకు?"

తైమి ఆ పేజీ తన వైపు తిప్పుకుంది.

"క్లాసులో ఒకరి కాగితం ఒకరికిచ్చి చదివిస్తారు కదా. ఆ పిల్లల్లో ఒకరు మా క్లాసులోనే ఉన్నారు. ఇది బోర్డువాళ్ళకే రాశాననుకున్నాను. కానీ ఆ చేతుల్లోకి కూడా వెళ్తుంది. పేర్లు తీసేస్తే వాక్యం పడిపోతుందేమో అనుకున్నాను. పడలేదు. మిగతాదంతా మీ ఇష్టం. ఇది మాత్రం నేను బాగా రాశాను."

ఆ ఒక్క ముక్క అనడానికి ఆవిడకి ఎంత పట్టిందో ఆ గదిలో నాకూ రేకీ తెలుసు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, ఆపుకునే ప్రయత్నమూ చెయ్యలేదు. క్లెయిర్ కిటికీ వైపు తిరిగిపోయింది. ఆ క్లాసు పిల్లలందరి పేర్లూ తనకి తెలుసు, అయినా ఎవరని అడగలేదు. ఎవరమూ అడగలేదు. మార్గో దస్తా అట్ట మీద తను ముందు వేసిన అంకె కొట్టేసి ఇంకోటి వేసింది. కింద సంతకం చేసి రే వైపు జరిపింది.

"పాసయ్యానా?" అంది తైమి.

"అయ్యారు," అంది మార్గో.

తైమి తలాడించింది. బల్ల మీది చేతితొడుగులు తీసుకుంది. సూపు పొయ్యి మీద పెట్టి వచ్చాను, వెళ్ళాలంది. కుర్చీలోంచి లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"ఒక్క నిమిషం," అంది.

రే తన కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకున్నాడు. మార్గో పెన్సిలు కింద పెట్టేసింది. నేను వెళ్ళి తైమి పక్కన కూర్చున్నాను. ఆవిడ లేచేదాకా అలాగే కూర్చున్నాం.